గుడ్ల కంపెనీలు, కబేళా యూనియన్లు, రాజకీయ పార్టీలు: జంతు హక్కుల వాళ్లు ఎవరితో ఎంతవరకు కలవొచ్చు?

తూనీగ
మనలో ఈ గొడవ ఎప్పటికీ తెగేలా లేదు. గుడ్ల ఉత్పత్తిదారులతో కలిసి ఒకే బిల్లు అడగొచ్చా? కబేళా కార్మికుల యూనియన్‌తో ఒకే వేదిక ఎక్కొచ్చా? మనకి ఏమాత్రం నచ్చని రాజకీయ పార్టీ మన డిమాండ్‌కే మద్దతిస్తానంటే ఏం చెయ్యాలి? ఎక్కడ అడిగినా రెండే జవాబులు వస్తున్నాయి. ఒకటి "ద్రోహం", రెండోది "జంతువుకి మేలు జరిగితే చాలు, ఎవరైతే ఏంటి". పని చేసేవాళ్లకి ఈ రెండూ అక్కరకు రావు. ఎవరితో, దేని మీద, ఏ షరతులతో కలవాలి? కాగితం మీద ఏం రాసుకోవాలి? ఇదివరకు చెడినవి ఎందుకు చెడ్డాయి? తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

నల్లపిల్లి
ద్రోహమే. పెద్ద పంజరం కూడా పంజరమే. దాని కింద మన సంతకం పడితే జనానికి చేరేది ఒక్కటే మాట: జంతు హక్కుల వాళ్లే ఒప్పుకున్నారు, ఇక నిశ్చింతగా కొనుక్కోవచ్చు. జంతువుల వాడకమే వద్దనే అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యుడు గ్యారీ ఫ్రాన్సియోన్ దశాబ్దాలుగా మొత్తుకుంటున్నది ఇదే. ఇలాంటి సంస్కరణలతో జంతువుల వాడకం ఆగదు, వాడేవాళ్ల మనసు తేలికపడుతుందంతే.

వేపచెట్టు
నల్లపిల్లి గారూ, ఇది నూట పాతికేళ్ల నాటి పేచీ. లండన్‌లో ఫ్రాన్సెస్ పవర్ కాబ్ జంతువుల మీద ప్రయోగాలకి వ్యతిరేకంగా 1875లో ఒక సంఘం పెట్టింది. 1876లో చట్టం వచ్చింది కానీ అది ప్రయోగాల్ని ఆపలేదు, లైసెన్సు తీసుకుని చేసుకోమంది. 1898లో స్టీఫెన్ కోల్‌రిడ్జ్ వర్గం "మన లక్ష్యం పూర్తి నిషేధమే, ఈలోపు చిన్న ఆంక్షలు కూడా అడుగుదాం" అని తీర్మానం నెగ్గించుకుంది. దాంతో కాబ్ తను పెట్టిన సంఘాన్నే వదిలేసి, పూర్తి నిషేధం తప్ప మరేదీ అడగని ఇంకో సంఘం మొదలుపెట్టింది.

అదే నగరంలో దీనికి పూర్తిగా వేరే దారి కూడా నడిచింది. ఒక గోధుమరంగు కుక్కని స్పృహలో ఉండగానే కోశారని లిజీ లిండ్ అఫ్ హాగెబీ, ఆమె స్నేహితురాలు ఆరోపించారు. దాని గుర్తుగా 1906లో బాటర్సీలో విగ్రహం పెట్టారు. 1907లో వైద్య విద్యార్థులు దాన్ని పడగొట్టడానికి గుంపులుగా వస్తే అడ్డం నిలబడ్డది ఆ పేటలోని కూలీలు, యూనియన్ల వాళ్లు. వాళ్లు మాంసం మానేసినవాళ్లు కాదు. మహిళల ఓటు హక్కు కోసం పోరాడేవాళ్లూ ఆ పక్షానే నిలిచారు. ఒక్కొక్కరి కారణం ఒక్కోటి, కాపలా కాసింది మాత్రం ఒకే విగ్రహానికి.

పిచ్చుక
ఆ విగ్రహం తర్వాత ఏమైందో కూడా చెప్పండి వేపచెట్టు గారూ.

వేపచెట్టు
స్థానిక కౌన్సిల్ చేతులు మారగానే 1910 మార్చిలో పోలీసు కాపలాతో పీకించేశారు. మళ్లీ పెట్టింది 1985లో. పొత్తు మొత్తం ఒకే పార్టీ చేతిలో ఉన్న కౌన్సిల్ మీద ఆనుకుని ఉంటే, ఎన్నికల్లో ఆ పార్టీ పోగానే మనం సాధించినదీ పోతుంది.

చట్టం_చదివినోడు
తూనీగ గారు అడిగిన గుడ్ల విషయానికి సరిగ్గా సరిపోయేది అమెరికాలో 2011 నాటి ఒప్పందం. చెడిన పొత్తుల్లో ఎక్కువ నేర్పేది ఇదే కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నా.

2011 జులైలో అక్కడి జంతు సంక్షేమ సంస్థ హ్యూమేన్ సొసైటీ, గుడ్ల ఉత్పత్తిదారుల సంఘం యునైటెడ్ ఎగ్ ప్రొడ్యూసర్స్ కలిసి దేశమంతటికీ ఒకే చట్టం అడుగుదామని ఒప్పుకున్నాయి. అప్పటికి పరిశ్రమ సొంత ప్రమాణం తెల్ల కోడికి 67 చదరపు అంగుళాలు. అంటే సుమారు 432 చదరపు సెంటీమీటర్లు, ఒక ఏ4 కాగితంలో మూడింట రెండొంతులు. కొత్త బిల్లులో తెల్ల కోడికి 124, గోధుమ రంగు కోడికి 144 చదరపు అంగుళాలు. వాలడానికి కర్ర, గుడ్డు పెట్టడానికి గూడు, గీరుకోవడానికి చోటు ఉండాలి. మేత మాన్పించి ఈకలు రాల్పించే మోల్టింగ్ బంద్. గుడ్ల డబ్బా మీద కోడిని ఎలా పెంచారో ముద్రించాలి. ఇదంతా అమలు కావడానికి 15 నుంచి 18 ఏళ్ల గడువు. దీనికి బదులుగా హ్యూమేన్ సొసైటీ వాషింగ్టన్, ఒరెగాన్ రాష్ట్రాల్లో ఓటర్ల ముందు పెట్టబోయిన ప్రతిపాదనలు ఆపేసింది.

బిల్లుని అడ్డుకున్నది గుడ్లవాళ్లు కాదు, పంది మాంసం, గొడ్డు మాంసం ఉత్పత్తిదారుల సంఘాలు. బిల్లులో వాళ్ల ఊసే లేదు. అయినా జంతువుని ఉంచే చోటు గురించి కేంద్రం ఒకసారి కొలత రాస్తే రేపు తమ షెడ్డు దాకా వస్తుందని భయపడ్డారు. 2014 ఫిబ్రవరిలో వ్యవసాయ బిల్లు ఈ భాగం లేకుండానే సంతకమైంది, ఒప్పందం కూడా అక్కడితో సరి. ఎదుటి పక్షంతో కుదుర్చుకోవడం మీదే దృష్టి పెట్టి, పక్కన కూర్చున్న మూడో పక్షాన్ని లెక్కలోకి తీసుకోకపోతే ఇలాగే అవుతుంది.

నల్లపిల్లి
నేను చెప్పిందే రుజువు చేశారుగా. 18 ఏళ్లు ఆగి, చివరికి చేతికొచ్చేది పంజరమే.

చట్టం_చదివినోడు
సగం ఒప్పుకుంటా. ఆ బిల్లులో నన్ను భయపెట్టేది చదరపు అంగుళాలు కాదు, రాష్ట్రాలు ఇంతకంటే కఠినమైన చట్టం చెయ్యకూడదన్న క్లాజు. అది పాసై ఉంటే 2016లో మసాచుసెట్స్, 2018లో కాలిఫోర్నియా ఓటర్లు గుడ్ల కోళ్లకి పంజరాలే వద్దని తెచ్చిన చట్టాలకి దారి మూసుకుపోయేది. కాలిఫోర్నియా చట్టాన్ని పంది మాంసం సంఘం సుప్రీంకోర్టు దాకా లాగితే 2023 మే 11న 5-4 తేడాతో నిలబడింది. ఏ ఉమ్మడి బిల్లు చూసినా నేను ముందు వెతికేది ఈ క్లాజునే. కొలత తర్వాత పెంచుకోవచ్చు, కింది చట్టసభల అధికారం ఒకసారి పోతే మళ్లీ రాదు.

ఉడుత
కాలిఫోర్నియా ప్రతిపాదనని జంతు సంస్థల్లోనే కొన్ని వ్యతిరేకించాయి కదా?

చట్టం_చదివినోడు
అవును, హ్యూమేన్ ఫార్మింగ్ అసోసియేషన్ వ్యతిరేకించింది. 2011 ఒప్పందాన్ని కూడా వాళ్లు గట్టిగా ఎదిరించారు. మనలో అందరూ ఒకే మాట మీద ఉంటారని ఏ భాగస్వామికీ హామీ ఇవ్వకండి.

గోరువంక
యూనియన్ల గురించి. 2019 అక్టోబరులో అమెరికా వ్యవసాయ శాఖ పందుల కబేళాలకి కొత్త తనిఖీ పద్ధతి తెచ్చింది. అంతకుముందు లైన్ వేగం గంటకి 1,106 పందులు దాటకూడదు. కొత్త పద్ధతికి మారిన కబేళాలకి ఆ పరిమితి తీసేశారు, ప్రభుత్వ ఇన్స్పెక్టర్ల పనిలో కొంత కంపెనీ మనుషులకి అప్పజెప్పారు. లైన్ వేగం పెరిగితే రెండు జరుగుతాయి. కత్తి పట్టిన మనిషికి మణికట్టు, భుజం పోతాయి. స్పృహ సరిగా తప్పని పందిని కనిపెట్టి లైన్ ఆపే వ్యవధి ఉండదు.

కార్మిక సంఘం యూఎఫ్‌సీడబ్ల్యూ మిన్నెసోటాలో కేసు వేసింది. జంతు సంస్థలు న్యూయార్క్‌లో విడిగా వేసుకున్నాయి. 2021 మార్చి 31న మిన్నెసోటా కోర్టు వేగ పరిమితి ఎత్తివేతని కొట్టేసింది. కార్మికుల భద్రత మీద వచ్చిన అభ్యంతరాల్ని శాఖ పట్టించుకోలేదన్నదే కారణం. కోర్టులో పందుల ఊసు రాకపోయినా పందులకి అందాల్సింది అందింది.

రెండు కేసులు విడిగా ఉండటం లోపమేమీ కాదు. "మాకు ఈ నష్టం జరుగుతోంది" అని చూపించగలిగితేనే కోర్టు వింటుంది. దెబ్బ తగిలే చెయ్యి కార్మికుడిది కాబట్టి యూనియన్‌కి ఆ అర్హత తేలిగ్గా దొరుకుతుంది. జంతు సంస్థల విషయంలో అసలు వాదన మొదలయ్యేలోపే అర్హత మీద కేసు కొట్టేసే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. పొత్తు అంటే ఒకే కాగితం మీద సంతకం పెట్టాలని లేదు. లైన్ వేగం లెక్కలు, ఇన్స్పెక్టర్ల ఫిర్యాదులు ఒకరికొకరు ఇచ్చుకున్నా చాలా పని జరుగుతుంది.

ఉడుత
కానీ యూనియన్‌కి కబేళా నడవాలి, మనకి మూతపడాలి. ఎక్కడో ఒకచోట కొట్టుకోమా?

గోరువంక
కొట్టుకుంటాం. అందుకే మొదటి రోజే చెప్పెయ్యాలి: లైన్ వేగం మీద కలిసి ఉంటాం, మూసివేత మీద మా మాట మాదే. తర్వాత తెలిస్తే మోసం అంటారు, ముందే చెప్తే భేదాభిప్రాయం అంటారు.

ఇంకోటి. ఫారాల్లో రహస్యంగా వీడియో తియ్యడాన్ని నేరం చేసిన చట్టం అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో 2014లో వచ్చింది. దాని మీద కోర్టుకెళ్లిన వాళ్లలో జంతువుల తరఫున కేసులు వేసే యానిమల్ లీగల్ డిఫెన్స్ ఫండ్ పక్కన పౌరహక్కుల సంస్థ ఏసీఎల్‌యూ కూడా ఉంది. 2015 ఆగస్టులో కింది కోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. 2018 జనవరిలో పై కోర్టు వీడియో నిషేధం చెల్లదంది, కానీ నష్టం చెయ్యాలనే ఉద్దేశంతో అబద్ధం చెప్పి ఉద్యోగంలో చేరడం మీద ఉన్న భాగాన్ని నిలబెట్టింది. భావ ప్రకటన కోసం పోరాడేవాళ్లకి అది పెద్ద గెలుపు. రహస్య పరిశోధన చేసేవాళ్లకి సగం గెలుపే, ఎందుకంటే లోపలికి వెళ్లడమే వాళ్లకి అసలు పని. కేసు ఒకటే అయినా ఇద్దరికీ దక్కిన ఫలితం ఒకటి కాదు.

మూడోకన్ను
అందరూ తప్పించుకుంటున్న ప్రశ్న నేను వేస్తా. ఒక మతం వాళ్లనో వలస వచ్చినవాళ్లనో కొట్టడానికి జంతువుని కర్రలా వాడుకునే గుంపుల సంగతేంటి? బెల్జియంలో స్పృహ తప్పించకుండా వధించడాన్ని ఫ్లాండర్స్ 2019 జనవరి నుంచి, వలోనియా అదే ఏడు సెప్టెంబరు నుంచి నిషేధించాయి. 2020 డిసెంబరు 17న యూరోపియన్ యూనియన్ కోర్టు, 2024 ఫిబ్రవరి 13న యూరప్ మానవ హక్కుల కోర్టు ఆ నిషేధాన్ని సమర్థించాయి. జంతువు కోసం అడిగినవాళ్లు అందులో నిజంగా ఉన్నారు. మిగతా జంతువుల గురించి ఏనాడూ నోరెత్తని పార్టీలు కూడా అదే పాట అందుకున్నాయి.

నా పరీక్ష ఒక్కటే. వాళ్లకి గిట్టని మనుషుల ప్రమేయం లేని హింస మీద కూడా ఈ గుంపు వస్తుందా? పందుల్ని స్పృహ తప్పించడానికి పెద్ద కబేళాల్లో కార్బన్ డయాక్సైడ్ గుంటలోకి దింపుతారు. గాఢత 80 శాతం పైన ఉంటుంది. స్పృహ వెంటనే పోదు. ఆ కాసేపూ పంది తల పైకెత్తి నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుంటుంది, అరుస్తుంది, వెనక్కి తిరిగి పారిపోవాలని చూస్తుంది. చట్టం దృష్టిలో ఇది "స్పృహ తప్పించి చేసిన వధ", కాబట్టి సక్రమం. దీని మీద ఒక ఉత్తరం సంతకం చెయ్యమని ఆ గుంపుని అడగండి. చెయ్యకపోతే వాళ్లొచ్చింది జంతువు కోసం కాదని తేలిపోయినట్టే.

రాగిచెంబు
మూడోకన్ను గారి పరీక్ష బాగుంది. దానికి ఒకటి కలుపుతా. అలాంటి చట్టం ఎవరి ఆచారం మీద పడుతుందో వాళ్లతోనే ముందు మాట్లాడాలి. న్యూజీలాండ్‌లో ఎగుమతికి వెళ్లే హలాల్ మాంసం కూడా స్పృహ తప్పించాకే కోస్తారు. తలకి మాత్రమే కరెంటు ఇచ్చే పద్ధతిలో, గొంతు కొయ్యకపోతే జంతువు కాసేపటికి తిరిగి లేస్తుంది. అంటే ప్రాణం తీసింది కరెంటు కాదని మతపెద్దలకి చూపించవచ్చు. ఆ ఆధారం మీదే ఒప్పుకున్నారు. మైకు పట్టుకుని అరిచే పార్టీ కంటే ఆ మతపెద్దే మనకి పనికొచ్చే మిత్రుడు.

డిమాండ్ కూడా అందరికీ వర్తించేలా రాయాలి. ఇంగ్లండ్‌లో 2018 నుంచి బతికున్న జంతువులు ఉండే ప్రతి చోటా కబేళాల్లో సీసీ కెమెరాలు తప్పనిసరి. ఏ మతం కబేళా అయినా ఒకటే రూలు. దాన్ని ఎవరి మీదా గురిపెట్టడం కుదరదు.

నల్లపిల్లి
దీంట్లో మీ ఇద్దరితో ఏకీభవిస్తా. అయితే మతపెద్ద దగ్గరికెళ్లి "ఇలా చంపండి" అని సలహా ఇచ్చే పని నాది కాదు. ఆ సలహా ఇచ్చిన నోటితో "చంపొద్దు" అంటే ఎవరు నమ్ముతారు?

రాగిచెంబు
మీరు ఇవ్వక్కర్లేదు. ఉద్యమంలో ఆ పని చేసేవాళ్లు వేరే ఉంటారు. మీలాంటివాళ్లు బయట గట్టిగా నిలబడటం లోపల బేరమాడేవాళ్లకి బలమే, వాళ్లు అడిగేది మితంగా కనిపిస్తుంది. వాళ్లని బహిరంగంగా ద్రోహులనడం ఒక్కటి మానండి, చాలు.

కొంగ
ప్రయోగశాలల వైపు నుంచి. అమెరికాలో జంతు హక్కుల కార్యకర్త హెన్రీ స్పైరా 1980లో సౌందర్య సాధనాల కంపెనీ రెవ్లాన్ మీదకి వెళ్లాడు. కుందేళ్ల కళ్లలో రసాయనాలు వేసే డ్రేజ్ పరీక్ష ఆపమని పత్రికలో పేజీ మొత్తం ప్రకటన వేయించాడు. అతను అడిగింది "మూసెయ్యండి" అని కాదు, ప్రత్యామ్నాయం కనిపెట్టడానికి డబ్బు పెట్టమని. రెవ్లాన్ రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయానికి 7,50,000 డాలర్లు ఇచ్చింది. 1981లో సౌందర్య సాధనాల పరిశ్రమ డబ్బుతోనే జాన్స్ హాప్కిన్స్‌లో ప్రత్యామ్నాయాల కేంద్రం మొదలైంది. జంతువుల మీద పరీక్షించిన సౌందర్య సాధనాల అమ్మకం మీద యూరప్‌లో 2013లో పూర్తి నిషేధం పెట్టగలిగారంటే, ఆ పాటికి చేతిలో చాలా కొత్త పరీక్షలు ఉండటం ఒక ముఖ్య కారణం.

నల్లపిల్లి గారికి ఇది నచ్చదు కానీ చెప్పాలి. కుందేలు కంటికి బదులు వచ్చిన పరీక్షల్లో ఒకటి ఎద్దు కంటి పొర మీద చేస్తారు. ఆ కళ్లు తెచ్చేది కబేళా నుంచి. కబేళా లేకపోతే ఆ పరీక్షే లేదు. తర్వాత మనిషి కణాలతో పెంచిన కంటి పొర వచ్చింది, ఇప్పుడు పట్టుబట్టాల్సింది దాని కోసం.

ఉడుత
అమెరికాలో మందుల పరీక్ష చట్టం మార్చింది కూడా ఇలాంటి జోడీయేనా?

కొంగ
అవును. 1938 నాటి చట్టం కొత్త మందుకి జంతువుల మీద పరీక్ష కోరేది. దాన్ని మార్చే బిల్లు సెనేట్‌లో పెట్టింది రిపబ్లికన్ ర్యాండ్ పాల్, డెమొక్రాట్ కోరీ బుకర్. బుకర్ వీగన్. పాల్ వాదన ప్రభుత్వ నిబంధనల భారం, ఖర్చు గురించి. 2022 డిసెంబరులో చట్టమైంది. ఇద్దరూ తమ కారణాలు మార్చుకోలేదు, చట్టంలో మాట మాత్రం మార్పించారు. అయితే అది నిషేధం కాదు. కణాలు, కంప్యూటర్ నమూనాలు కూడా చెల్లుతాయంది అంతే, కంపెనీ కావాలంటే జంతువుల మీద చేసుకోవచ్చు. "జంతు పరీక్షలు ముగిశాయి" అని ప్రచారం చేసుకుంటే మళ్లీ ఆ విషయం ఎత్తడానికి మనకే నోరుండదు.

చట్టం_చదివినోడు
ఇప్పుడు కాగితం సంగతి. ఒక పేజీ దాటకూడదు. మొదట డిమాండ్ ఒకే వాక్యంలో, అంకె, తేదీతో. "కోళ్ల సంక్షేమం మెరుగుపరచాలి" అని రాస్తే అది ఒప్పందం కాదు. తర్వాత "మిగతా ఏ విషయంలోనూ ఒకరి అభిప్రాయం ఇంకొకరిది కాదు" అని స్పష్టంగా. డబ్బు ఎవరిది వాళ్లే పెట్టుకోవాలి, ఉమ్మడి ఖర్చు ఉంటే ఎవరి వాటా వాళ్లు ప్రింటర్‌కో లాయర్‌కో నేరుగా కట్టాలి, మన ఖాతాలోకి వాళ్ల రూపాయి కూడా రాకూడదు. మన లోగో ఉమ్మడి లేఖ మీద తప్ప ప్యాకెట్ మీదో ప్రకటనలోనో కనిపించకూడదు. మాట్లాడేది ఎవరో పేర్లు రాసుకోవాలి.

అన్నిటికంటే ఎక్కువ బేరం జరిగేది విమర్శ మీద. "ఒకరినొకరు విమర్శించుకోరాదు" అని తెస్తారు. అది ఒప్పుకుంటే మన నోరు కట్టేసుకున్నట్టే. "ఈ బిల్లుని వ్యతిరేకించము" వరకే ఇవ్వండి. రహస్య పరిశోధనలు ఆపుతామని ఎట్టి పరిస్థితుల్లోనూ రాయొద్దు. పొత్తు నడిపే మనుషులకి ఏ ఫారంలో పరిశోధన జరుగుతోందో అసలు తెలియకుండా చూసుకోవాలి. తెలిస్తే నోరు జారుతుంది, లేదా ఆ వీడియో బయటికొచ్చిన రోజు నమ్మకద్రోహం అన్న మాట పడుతుంది.

పిచ్చుక
నిర్వచనాల గురించి ఒకటి. "పంజరం లేని" అని రాసి ఊరుకుంటే కాంబి షెడ్లు వచ్చేస్తాయి. చూడటానికి అంతస్తుల షెడ్డు, కానీ ప్రతి వరసకీ తలుపులుంటాయి. తనిఖీ రోజు తెరిచి ఉంటాయి, మిగతా రోజుల్లో మూస్తే అదే పంజరం. "లోపల కోళ్లని బంధించగల తలుపులు ఉండరాదు" అని రాయించాలి.

మూడోకన్ను
సవరణల్లో ఇంకా చూడాల్సినవి: అమలు తేదీ, "చెయ్యాలి" కాస్తా "చెయ్యవచ్చు" అయిందా, తనిఖీకి డబ్బు ఎవరిస్తారు, చిన్న ఫారాలకి మినహాయింపు ఎన్ని కోళ్ల దాకా. యూరప్ పాత పంజరాల నిషేధం 1999లో రాశారు, అమల్లోకొచ్చింది 2012 జనవరి 1న. పన్నెండేళ్లకు పైగా గడువిచ్చినా ఆ రోజుకి చాలా దేశాలు సిద్ధంగా లేవు. మధ్యలో ఏ ఏటికి ఎన్ని షెడ్లు మారాలో రాయకపోతే అందరూ చివరి ఏడాది దాకా ఆగుతారు, తర్వాత "ఇంకాస్త టైమివ్వండి" అంటారు.

తూనీగ
నాకు కావాల్సింది దొరికింది. పైవన్నీ పెట్టి ముసాయిదా రాశా. బయటికొచ్చే క్లాజు ఇలా ఉంది, చూడండి: "డిమాండ్‌లోని అంకె గానీ తేదీ గానీ నిర్వచనం గానీ మారినా, భాగస్వామి ఏ మనుషుల సమూహం మీదనైనా ద్వేషం రెచ్చగొట్టినా, 48 గంటల రాతపూర్వక నోటీసుతో ఏ పక్షమైనా వైదొలగవచ్చు." నల్లపిల్లి గారూ, మీకు దీంట్లో కన్నం ఎక్కడైనా కనిపిస్తోందా?

నల్లపిల్లి
నేను సంతకం పెట్టను, అది వేరే సంగతి. కన్నం ఉంది. పై చట్టం కింది చట్టసభల అధికారాన్ని మింగేసే క్లాజు చేరితే బయటికి రావచ్చని ఇందులో లేదు. దాన్నీ చేర్చండి.

చట్టం_చదివినోడు
సరిగ్గా పట్టుకున్నారు. ఇంకోటి, 48 గంటలు కుదరదు. సవరణలు వచ్చేది ఓటింగ్‌కి ముందు రాత్రి. మీ నోటీసు గడువు ముగిసేసరికి మీ పేరు మీదే ఓటు పడిపోతుంది. మామూలు రోజుల్లో 48 ఉంచుకోండి. బిల్లు సభలో చర్చకి వచ్చిన క్షణం నుంచి నోటీసు 2 గంటలు, ఈమెయిల్ చాలు అని మార్చండి. వైదొలిగిన వెంటనే పత్రికలకి ఇచ్చే మూడు వాక్యాల ప్రకటన కూడా ఇప్పుడే రాసి అనుబంధంగా పెట్టుకోండి.